బాపమ్మ పడ్డ రోజులు

మార్చి 7, శుక్రవారం

హాలు తుడిచింది నేనే. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయను, ఎవరికీ చెప్పను.

మూడింటికి తుడిచాను. ఫినాయిల్ ఎక్కువైంది, టైల్స్ మీద తెల్లగా చారలు కట్టింది, మళ్లీ నీళ్లు కొట్టాను. ఆరేదాకా ఫ్యాన్ వేయాలి, వేయలేదు. ఇంతలో కరీంనగర్ ల్యాబ్ నుంచి ఫోన్. గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. "ఏప్రిల్ ఇరవై ఒకటి, సోమవారం జాయిన్ కావచ్చు" అని ఆ మేడం అంటోంది, నేను అద్దంలో నన్ను నేనే చూసి నవ్వుకుంటున్నాను, అప్పుడే హాల్లో చప్పుడు. బియ్యం బస్తా దించినట్టు. "థాంక్యూ మేడం" అని చెప్పాకే తలుపు తీశాను. అది కూడా ఇక్కడే రాస్తున్నాను.

బాపమ్మ బీరువా పక్కన ఒరిగి ఉంది. ఎడమ మణికట్టు చెంచా వంగినట్టు వంగిపోయింది. ఏడవలేదు.

"గట్ల చూస్తవేందే స్తుతీ, లేపు."

చంకల్లో చేతులు పెట్టి గుంజి లేపాను. పాలిపోయి ఉంది, నుదుటి మీద చల్లటి చెమట.

ఐదింటికి బాపు కండక్టరు డ్యూటీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కా కూడా విప్పలేదు. "ఎట్ల పడ్డవ్ అవ్వా?" అంటే, "కాలు జారింది బిడ్డా" అంది. ఎవరి మీదో ఒకరి మీద కోపం తీరాలి కదా, గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే గోనెపట్టా కనిపించింది. "గీ పట్టనే! ఎన్నిసార్లు చెప్పిన!" అని దాన్ని గోడ అవతలికి విసిరేశాడు.

పట్టా గుమ్మం దగ్గర, బాపమ్మ పడింది బీరువా దగ్గర. మధ్య ఆరడుగులు. ఎవరూ కొలవలేదు. అప్పటికి టైల్స్ ఆరిపోయాయి.

మార్చి 8, శనివారం

ఆదిలాబాద్. ఎక్స్‌రే. మణికట్టు దగ్గర ఎముక విరిగింది, ఆరు వారాలు పిండికట్టు.

"డెబ్బై ఆరేళ్ల మనిషికి తుంటి విరగలేదు, సంతోషించండి. బీపీ గోలీలు టైముకు వేసుకుంటుందా?" అన్నాడు డాక్టరు. "వేసుకుంటది సార్" అంది అమ్మ. బాపమ్మ తలూపింది.

"మళ్లీ పడకుండా చూసుకోండి. ఈసారి పడితే ఇక మంచమే."

బోథ్ బస్సులో బాపమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మంచం గురించే ఆలోచించాను. అమ్మ అంగన్‌వాడీకి పోతే వచ్చేసరికి నాలుగు దాటుతుంది. బాపు బస్సు మీద ఉంటే ఏ ఊళ్లో ఉంటాడో. మంచం పక్కన కూర్చునేది ఎవరో చెప్పక్కర్లేదు.

కాదు, నేను ఆలోచించింది బాపమ్మ గురించే.

మార్చి 9, ఆదివారం

చర్చి అయిపోగానే సగం సంఘం మా ఇంట్లోనే. పరామర్శకు వచ్చినవాళ్లు తలా ఒక చావు తెచ్చారు. "మా పెద్దబాపు గిట్లనే బాత్‌రూంల పడ్డడు, మల్ల లేవలే." "మా అత్త పడ్డంక పన్నెండు రోజులే ఉన్నది." బాపమ్మ ముఖం మాట మాటకూ చిన్నదైపోతోంది, అమ్మ చాయ పోస్తూనే ఉంది. నాలుగో చావు దగ్గర నేను గ్లాసులు ఎత్తేశాను.

పక్కింటి లస్మవ్వ ఒక్కతే చావు కథ చెప్పలేదు. భైంసా దిక్కు పుట్టిన మనిషి, మాటల్లో మరాఠీ దొర్లుతుంది, పోచమ్మకు మొక్కుతుంది, మా చర్చి మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. బాపమ్మకు నలభై ఏళ్ల దోస్తు.

"అగ బాయి! చెయ్యి ఇరిగితే ఏమాయె వదినె, కాళ్లు మంచిగున్నయి గద. కాళ్లు ఇరిగితే చేతులతోని నడుస్తమా?"

పడ్డాక బాపమ్మ నవ్వింది అప్పుడే.

మార్చి 11, మంగళవారం

రెండు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాను. మనిషిని పడేసేవి ఇంట్లో ఇన్నున్నాయా! కూలర్ వైరు హాలుకు అడ్డంగా పాకుతోంది. బాత్రూం గడప అరచేయంత ఎత్తు. పెరటి బల్బు ఉన్నా లేనట్టే. బాపమ్మ హవాయి చెప్పుల అడుగు అరిగి అద్దమైంది. చీర కుచ్చిళ్లు నేల ఊడుస్తున్నాయి. వైరును గోడ వెంట పోనిచ్చి మేకులు కొట్టాను. కొత్త బల్బు పెట్టాను. వెల్డింగ్ షాపతన్ని పిలిపించి బాత్రూంలో పట్టుకోవడానికి పైపు బిగించాను. కొత్త చెప్పులు, అడుగున గట్లు గట్లుగా ఉన్నవి. చీర నాలుగు వేళ్లు పైకి కట్టించాను.

"ఇన్స్‌పెక్టరమ్మా, నన్ను గూడ గోడకు మేకు కొట్టి తగిలెయ్యరాదు. పడనే పడ" అంది బాపమ్మ.

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నాకు చెయ్యి నొస్తుంది. నవ్వులాట నీకోసం జేస్తున్న."

హాలు మాత్రం తుడవడం మానేశాను. ఎందుకు తుడవట్లేదని అమ్మ అడిగితే ఊడిస్తే చాలన్నాను.

ఇదంతా ప్రేమే. ప్రేమ కాక మరేమిటి?

మార్చి 12, బుధవారం

మళ్లీ.

మధ్యాహ్నం నాలుగు దాటింది. మంచం మీద నుంచి లేచి నిలబడింది, కిటికీ ఊచ పట్టుకోబోయింది, అలాగే జారి కింద కూర్చుండిపోయింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, నా కళ్లతో చూశాను. నేల పొడిగా ఉంది. అరచేత్తో తడిమి మరీ చూశాను. వైరు లేదు, పట్టా లేదు, కొత్త చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

దెబ్బ తగల్లేదు. చూపు మాత్రం రెండు నిమిషాలు ఎటో ఉంది.

"మీ బాపుకు చెప్పకు. చెప్తే నన్ను మంచానికి కట్టేస్తడు. ఇగ చర్చి బంద్, కూడిక బంద్."

"పడ్డావు కదా బాపమ్మా."

"పడలే. కూసున్న."

కూర్చుంది. సరే. ఈ రోజు బాపమ్మ కూర్చుంది.

తడి లేకుండా కూడా పడింది కాబట్టి మొన్నటిది నా తడి వల్ల కాకపోవచ్చు అని ఒక్క క్షణం అనిపించింది, ప్రాణం తేలికైంది. ఆమె కింద ఉన్నప్పుడే తేలికైంది. మొన్న పడటం వల్లనే ఒళ్లు బలహీనపడి ఇవాళ పడిందేమో అనుకోగానే అదీ పోయింది.

మార్చి 14, శుక్రవారం

హోలీ. వీధంతా గులాల్. మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన. ఈస్టరుకు ముందు లెంటు నలభై రోజులూ రోజుకో ఇంట్లో కూడిక జరుగుతుంది, ఇవాళ మా వంతు.

బాపమ్మను కుర్చీలో కూర్చోమన్నాం. వినలేదు. అందరితో పాటు చాప మీద మోకాళ్లు వేసింది, కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని. పాస్టరు గారి ప్రార్థన ఇవాళ కాస్త పొడుగు. ఆశీర్వాదానికి అందరూ లేచి నిలబడ్డారు, బాపమ్మ కూడా గబుక్కున లేచింది. 'ఆమెన్' అనే లోపు పక్కకు ఒరిగిపోయింది. అమ్మ పట్టుకోబట్టి సరిపోయింది.

పదిహేను మంది చూశారు. ఇక 'కూర్చుంది' అనడానికి లేదు.

అందరూ పోయాక బాపు మంచాన్ని కిటికీ దగ్గర నుంచి మూలకు జరిపాడు, రెండు వైపులా గోడ ఉండేటట్టు.

మార్చి 15, శనివారం

బాపు ఆర్డరు. బాపమ్మ ఒంటరిగా లేవకూడదు. బాత్రూంకు నేనో అమ్మో ఉండాలి. చర్చి లేదు. మోకాళ్లు లేవు. పెరట్లోకి లేదు.

"నువ్వు లేస్తే నేను బస్సుల టికెట్లు కొయ్యలేను అవ్వా. గుండె దడదడ కొడ్తది" అన్నాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి కళ్లలో నీళ్లు. బాపమ్మ ఎదురు చెప్పలేదు. అదే నాకు నచ్చలేదు.

మార్చి 16, ఆదివారం

చర్చి గంట వినిపించింది. బాపమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

మార్చి 18, మంగళవారం

'లే బాపమ్మా, నేను పట్టుకుంటా' అన్నాను. లేవనంది. నిన్నటిదాకా ఈ మాట అనలేదు, ఇవాళ అంది. "నాకు భయమయితుందే. నేల కాళ్ల కింద ఉంటదో లేదో తెల్వదు."

ఈ మనిషి పదిహేడేళ్లప్పుడు ఒక్కతే నడిచి వచ్చి బాప్తిస్మం తీసుకుంది. తాత పోయాక ఆరెకరాల పత్తి తనే చూసుకుంది. పాముకు భయపడలేదు, పట్వారీకి భయపడలేదు.

నాలుగే రోజులు మంచంలో ఉంది. పిక్కలు అప్పుడే మెత్తబడ్డాయి. ఇలాగే ఇంకో నెల ఉంటే ఎవరూ మంచానికి కట్టక్కర్లేదు. నేను రోజంతా జాగ్రత్తగా చూసుకుంటున్నాను. ఆమె పడకుండా చూస్తున్నాను, నడవకుండా కూడా నేనే చూస్తున్నాను.

కరీంనగర్ వాళ్లకు 'రాలేను' అని మెయిల్ రాశాను. పంపలేదు.

మార్చి 21, శుక్రవారం

లస్మవ్వ మేక మా కిటికీ కిందే నిలబడుతోంది. మొన్న కూడా నిలబడింది. అదిలిస్తే పోదు.

మార్చి 22, శనివారం

ఇవాళ జరిగిందంతా వరుసగా రాయాలి, ఒక్కటీ మర్చిపోకూడదు.

నవనీత అక్క వచ్చింది. అమ్మకు తెలిసినామె, ఆదిలాబాద్‌లో ఫిజియోథెరపీ చేస్తుంది, శనివారాలు బోథ్ వస్తుంది. బాపమ్మ కాళ్లు వంచి చూసింది, వేళ్లు కదిలించమంది, పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్లీ చూసింది. పెద్ద తేడా లేదు.

"ఎప్పుడెప్పుడు పడ్డది? ఏ టైముకు?"

గుర్తులేదని చెప్పబోయి డైరీ తెచ్చాను. ముందు పేజీ నా అరచేత్తో మూసి తేదీలు మాత్రం చదివాను. ఏడు, శుక్రవారం, మూడున్నర. పన్నెండు, బుధవారం, నాలుగు. పద్నాలుగు, శుక్రవారం, సాయంత్రం.

"అన్నీ మధ్యాహ్నం తర్వాతనే. తెల్లారి ఎప్పుడు పడలే. ఆ రోజులల్ల ఏమన్న స్పెషలా?" అంది అక్క.

ఆమెకు తెలియదు. నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. లెంటు, బుధవారం, శుక్రవారం. పొద్దటి నుంచి మూడింటిదాకా ఉపవాసం, మంచినీళ్లు కూడా ముట్టరు.

కానీ బాపమ్మ రెండేళ్ల కిందే మానేసింది కదా! డాక్టరు వద్దన్నాడు, బాపు ప్రమాణం చేయించుకున్నాడు. రోజూ కంచం నేనే పెడుతున్నాను, ఖాళీ కంచం నేనే తీస్తున్నాను.

కిటికీ కింద మేక.

అక్కను కూర్చోమని లస్మవ్వ ఇంటికి పరిగెత్తాను. అడగగానే చేతులు జోడించింది. "నా తప్పేం లేదు బిడ్డా. బుధారం, శుక్రారం మీ బాపమ్మ పెరుగన్నం కిటికీలకెల్లి మా మేకకే. మంచం జరిపినంక గూడ గది అలవాటుకొద్ది వచ్చి నిలవడ్తుంది. ఎవ్వలకు చెప్పద్దన్నది. పుణ్యం ఆమెకు, బువ్వ మేకకు."

తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాను. "ఉపవాసం ఉంటున్నావా?"

బాపమ్మ కిటికీ వైపు చూసింది. "గా లస్మికి నోట్ల మాట నిలువది."

"ప్రమాణం చేశావు కదా!"

"ఉపాసం ఉండనని చెప్పిన. మూడింటికి తింటున్న గద! ఆలస్యంగ తినుడు ఉపాసమా?"

"గోలీలు?" అంది నవనీత అక్క.

"గోలీలు మానలే. ఒక్కటి గూడ మానలే" అని బాపమ్మ గట్టిగా చెప్పింది. "నీళ్లతోని మింగితే ఉపాసం తప్పుతది. అందుకే తెల్లారివి దాచిపెట్టి, మూడింటికి మధ్యాహ్నం దానితోని కలిపి ఏస్కుంట."

"కలిపి?"

"మూడు. తెల్లది, పచ్చది, ఉచ్చ పోసే గోలి."

అక్క పెన్ను కింద పెట్టేసింది. ఎండాకాలం, పొద్దటి నుంచి కడుపులో చుక్క నీళ్లు లేవు, దాని మీద రెండు బీపీ గోలీలు, ఒంట్లో నీళ్లు తోడేసే గోలి, అన్నీ ఒక్కసారి. "అమ్మమ్మా, గిట్ల ఏస్కుంటే పహిల్వాను గూడ పడ్తడు. లేవంగనే బీపీ దబ్బున పడిపోయి కండ్లు తిరుగుతయి. నీ కాళ్లు మంచిగనే ఉన్నయి. డాక్టరు గోలీల టైము సరి చేస్తడు, నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు."

'నీ కాళ్లు మంచిగనే ఉన్నయి.' బాపమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తన పాదాల వైపు చూసుకుంది.

అక్క వెళ్లాక మేమిద్దరమే మిగిలాం. ఇక దాచుకోలేకపోయాను.

"బాపమ్మా, ఆ మొదటి రోజు హాలు తడిగా ఉంది. నేనే తుడిచా. ఫ్యాన్ వేయలేదు. బాపు పట్టా పారేస్తుంటే చెప్పలేదు."

"ఎర్కనే."

"ఏమిటి?"

"తడి నాకు కనవడదా? గోడ పొంటి, పొడి మీదనే నడిచిన. బీరువా కాడ నువ్వు తుడువనే లేదు, మూల ఎప్పుడు ఎగ్గొడ్తవు నువ్వు. ఆడ కండ్లు తిరిగినయి, పడ్డ."

"మరి కాలు జారిందని ఎందుకన్నావ్?"

"కండ్లు తిరిగినయంటే 'ఎందుకు తిరిగినయి' అంటడు మీ బాపు. జారింది అంటే ఇంకేం అడుగడు." నా ముఖంలోకి చూసి, "పదిహేను రోజులు గా మాట కడుపుల పెట్టుకొని తిరిగినవానే?" అంది.

తలూపాను.

"ఇద్దరం దొంగలమే" అని కుడిచేత్తో నా తల మీద ఒకటి మొట్టింది. గట్టిగానే మొట్టింది. ఇంత హాయిగా ఏ దెబ్బా తగల్లేదు నాకు.

మార్చి 24, సోమవారం

డాక్టరు గోలీలు మార్చాడు. ఒకటి తగ్గించాడు, నీళ్ల గోలి పొద్దునకే పెట్టాడు. టిఫిను తిన్నాకే వేసుకోవాలి, రోజంతా నీళ్లు తాగుతుండాలి. లేచే ముందు మంచం అంచున కూర్చుని కాసేపు కాళ్లు ఆడించాలి.

బాపుకు మొత్తం చెప్పాను, తడి సంగతితో సహా. లేచి గోడ అవతలికి పోయి పట్టా కోసం వెతికాడు. ఎవరో పట్టుకుపోయారట. "పాపం, మంచి పట్ట" అన్నాడు.

మార్చి 27, గురువారం

హాల్లో ఇటు నుంచి అటు. నాలుగుసార్లు. నా చేయి పట్టుకుని మూడుసార్లు, పట్టుకోకుండా ఒకసారి.

మార్చి 29, శనివారం

నవనీత అక్క వింత పాఠం చెప్పింది. పడకుండా ఉండటం కాదు, పడితే లేవడం. హాల్లో మందంగా బొంత పరిచి బాపమ్మను దాని మీద పడుకోబెట్టింది. అమ్మ మాత్రం చూడలేక వంటింట్లోకి పోయింది.

"పడంగనే లేవద్దు. జర ఆగి, ఏడ నొస్తుందో చూస్కోవాలె. తుంటి గని నొస్తే కదలకుండ కేకెయ్యాలె. నొప్పి లేకుంటే పక్కకు దొర్లాలె. మోచెయ్యి మీద లేసి, మోకాళ్ల మీదికి రావాలె..."

"మోకాళ్ల మీదికెల్లి లేసుడు నాకు నేర్పుతవానే పోరీ?" అని బాపమ్మ బొంత మీద నుంచే అంది. "యాభై తొమ్మిదేండ్ల సంది గదే పని జేస్తున్న."

"అయితే చూపియ్ మరి."

దొర్లింది. కట్టున్న చేయి బరువు పడకుండా మోచేతి మీద ఆనింది. మోకాళ్ల మీదికి వచ్చింది. అంతవరకూ బానే ఉంది, అక్కడి నుంచి ఒక్క ఊపున లేవబోయింది. అక్క భుజం మీద చేయి వేసి ఆపింది.

"గిదే తప్పు. ఆశీర్వాదం కాడ గిట్లనే లేసినవట. స్టూలు కాడికి మోకాళ్ల మీదనే రా. మంచి చెయ్యి స్టూలు మీద పెట్టు. బలమున్న పాదం ముందట పెట్టు. ఇప్పుడు లే, తిరుగు, కూసో. కూసున్నంక రెండు నిమిషాలు ఊపిరి పీల్చు."

మూడోసారికి వచ్చింది. ఐదోసారికి నేను సాయం పోబోతే చేతిని విదిలించింది. చెమటతో ముఖం మెరుస్తోంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో ఆ పాత మొండితనం కనిపించింది, పత్తి బేరగాళ్లతో మాట్లాడేటప్పుడు ఉండేది.

నా మెయిల్ తీసేశాను.

ఏప్రిల్ 2, బుధవారం

స్త్రీల సమాజం కూడిక మళ్లీ మా ఇంట్లోనే. బాపమ్మ రావడానికి లేదు కాబట్టి వాళ్లే వచ్చారు. ఎనిమిది మంది, అందరూ అరవై దాటినవాళ్లే.

లెంటు బుధవారాల్లో ఒక అలవాటుంది. పెద్దామె సాలమ్మ కూడిక మొదట్లో "ఎవరెవరు ఉపాసం?" అని అడుగుతుంది, అందరూ చేతులెత్తుతారు. బాపమ్మ యాభై తొమ్మిదేళ్లుగా ఎత్తింది. ఈ రెండేళ్లూ బాపుకు తెలియకుండా ఎత్తిందట. నిన్నంతా ఆమెకు అన్నం సరిగా సయించలేదు. పడటం కంటే ఈ చేయి ఎత్తకపోవడమే ఆమెకు కష్టం.

సాలమ్మ అడిగింది. ఎనిమిది చేతులు లేచాయి. అందరూ బాపమ్మ వైపు చూశారు.

"నేను తెల్లారి ఉప్మా తిన్న" అంది బాపమ్మ. "మధ్యాహ్నం పప్పు, అన్నం. చాయ గూడ తాగిన. గోలీలు దాచిపెట్టి మూడింటికి ఒక్కసారే ఏస్కున్నందుకు నేను పడ్డ. జారలే. పట్టది తప్పు కాదు, ఎవ్వలది తప్పు కాదు. నేనే పడ్డ."

బాపమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు సాలమ్మ నెమ్మదిగా చేయి దించింది. "గోలీలు మూడింటికి కలిపి ఏస్కో అని నేనే చెప్పిన గదనే నీకు" అంది. "నేను గూడ గట్లనే ఏస్కుంట. మొన్న పొయ్యి కాడ పడ్డ. చెప్పు తెగిందని కోడలికి చెప్పిన."

"నీ చెప్పు మంచిగనే ఉండె గద ఆదివారం!" అంది ఇంకొకామె.

"ఉండె. తర్వాత నేనే తెంపిన."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. మూలన కూర్చున్న ముసలామె, అందరికంటే పెద్దది, కొంగు నోట్లో కుక్కుకుని, "నేనైతే మూడేండ్ల సంది దొడ్లెకు పోయి చాయ తాగుతున్న. బిస్కిటు గూడ" అంది. ఇక ఆగలేదు. ఎనిమిది మందీ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. బాపమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఎనిమిది మందిలో ఐదుగురు ఏడాదిలో పడ్డారు. ఇంట్లో చెప్పింది ఇద్దరే. ఉపవాసానికే పడలేదు అందరూ, ఒకామెకు కళ్లలో పొర, ఒకామెకు కోడలి పొడుగు నైటీ. అయినా చెప్పకపోవడం మాత్రం అందరిదీ ఒకటే. చెప్తే మూలకు మంచం వేస్తారని.

పాస్టరమ్మ, "గోలి మింగిన గుటికెడు నీళ్లు దేవుడు లెక్కపెట్టడు" అంది. సాలమ్మ మాత్రం, "అయితే ముందుగాల ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఆమెనే నిలదీసింది.

శనివారం నవనీత అక్క దగ్గరికి అందరూ వస్తామన్నారు. ఎవరి గోలీలు వాళ్లు కవర్లో తెచ్చుకోవాలని చెప్పాను. ఒకామె, "పట్టా గూడ తేవాల్నా?" అంది.

ఏప్రిల్ 5, శనివారం

హాలు నిండా బొంతలు. ఎనిమిది మంది ముసలమ్మలు నేల మీద దొర్లుతున్నారు. లస్మవ్వ తొమ్మిదో ఆమె, తనూ నేర్చుకుంటానని వచ్చింది. బాపమ్మ స్టూలు మీద కూర్చుని అందరినీ గదమాయిస్తోంది. "ఒక్క ఊపున లేవకే సాలమ్మా! ఆగు! ఊపిరి!"

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చికి నడిచి వచ్చింది. ఒక చేతిలో కర్ర, ఒక చేతికి కట్టు. బాపు వెనక నాలుగడుగుల దూరంలో నడిచాడు, చేతులు ముందుకు చాపి, పడే కుండను పట్టుకోబోయేవాడిలా. "చేతులు దించురా వెస్లీ, అందరు చూస్తుండ్రు" అంది బాపమ్మ వెనక్కి చూడకుండానే.

దించాడు.

ఏప్రిల్ 17, గురువారం

సాయంత్రం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం. బాపమ్మ ముందు వరుసలో కుర్చీలోనే కూర్చుని తీసుకుంది. మోకాళ్లు వేయలేదు. పక్కన సాలమ్మ కుర్చీ.

ఏప్రిల్ 19, శనివారం

కట్టు విప్పారు. చేయి పుల్లలా ఉంది, చర్మం పొట్టు రాలుతోంది. బాపమ్మ దాన్ని ఎవరిదో చేయిలా చూసింది. రబ్బరు బంతి నొక్కమన్నారు.

బ్యాగు సర్దుకున్నాను.

ఏప్రిల్ 21, సోమవారం, కరీంనగర్

నిన్న ఈస్టరు పండుగ ఆరాధన అయిపోగానే బస్సెక్కాను. బాపమ్మ గేటుదాకా వచ్చింది. ఏడ్చింది నేనే. "పో ఇగ, నువ్వుంటే నా నడక చూసి లెక్కలేస్తవు" అంది.

ల్యాబ్‌లో మొదటి రోజు. ఏం రాయాలో తెలియడం లేదు. మూడున్నరకు గడియారం చూశాను.

ఏప్రిల్ 24, గురువారం

రోజూ ఫోన్ చేసి 'ఎలా ఉన్నావ్' అంటే 'మంచిగున్న' అంటుంది. మార్చి 12న కూడా 'పడలే, కూసున్న' అంది. నమ్మడం ఎలాగో నాకు రావడం లేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

పదకొండింటికి, ల్యాబ్‌లో శాంపిల్స్ మధ్య ఫోన్ మోగింది. బాపమ్మ నంబరు. ఆమె ఎప్పుడూ తనంతట తాను చేయదు. చేతి తొడుగులు విప్పుతూ బయటికి పరిగెత్తాను.

"స్తుతీ, పడ్డ."

"ఎక్కడ?"

"పెరట్ల నల్లా కాడ, పాసి మీద. గిది నిజంగనే జారుడు" అంది. ఆయాసం లేదు, గొంతులో ఒకరకం గొప్ప ఉంది. "ముందుగాల ఆగిన. తుంటి చూస్కున్న, నొస్తలేదు. దొర్లిన. మోకాళ్ల మీద బట్టలుతుకుడు బండ కాడిదాక పోయిన. దాని మీద చెయ్యి పెట్టి లేసిన. బండ మీదనే కూసొని ఊపిరి పీల్చి, లోపలికి వచ్చి నీకు ఫోన్ చేస్తున్న."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఎవ్వలు లేరు. మీ అమ్మ పనికి పోయింది. మోకాలు జర గీకింది, గంతే."

"బాపుకు చెప్పావా?"

"ముందుగాల ఆనికే చేసిన. నాలుగు మాటలన్నడు. సాయంత్రం వచ్చి పాసి గీకుతడట. మంచం మూలకు జరుపుతవా అని అడిగిన. లేదు అన్నడు."

ముక్కు ఎగపీల్చాను.

"ఏడుస్తున్నవా?"

"లేదు."

"ఏడ్వకు. పని చేస్కో పో. నాకు గూడ పనున్నది, సాలమ్మకు చేసి చెప్పాలె" అని పెట్టేసింది.